క్రొత్త పైలటునకు తగిన గ్లైడరు

ఇంజను లేకయే గాలిలో తేలిపోవు విమానమును గ్లైడరందురు. ఒంటరిగా నెగుర నేర్చి కొద్ది గంటలే గడచిన పైలటు, గ్లైడరు నెన్నుకొనునపుడు, "ఇది యెంత దూరము పోవును?" అని యడుగును. ప్రశ్న మంచిదే. కాని ముందడుగవలసినది, "నేను పొరబడినచో ఇది సహించునా?" అనునది.

జర్మనీ దేశీయుడగు రుడాల్ఫ్ కైజర్ రూపొందింపగా 1979లో తొలిసారి యెగిరిన ఏ.ఎస్.కె. 21ను చూడుడు. ఇద్దరు కూర్చుండు నీ గ్లైడరు నిశ్చలమైన గాలిలో 1 కిలోమీటరు ఎత్తు దిగులోపల సుమారు 34 కిలోమీటర్లు సాగును. పందెపు గ్లైడరులు కొన్ని 50 కిలోమీటర్లును దాటును. అయితే వానిలో చక్రమును ముడుచుట కొక మీట, రెక్క వంపును మార్చుటకు మరియొకటి. దిగు తొందరలో చక్రము దింప మరచినవారు పెక్కురు! 21లో చక్రము స్థిరము. వేగము తగ్గినను అది హఠాత్తుగా నొక రెక్కపై వాలదు.

ఇక బరువు. కూర్చుండువాని కనిష్ఠ గరిష్ఠ బరువులు ప్రతి గ్లైడరులోను పలకపై వ్రాసియుండును. సన్నని యువకులు గరిష్ఠమును చూచి సంతోషింతురు. వారికి ప్రాణాపాయము కనిష్ఠమువలననే. ముందు కూర్చున్నవాడు మరీ తేలికయైనచో భారకేంద్రము వెనుకకు జరిగి విమానము నిలుకడ తప్పును. గిరగిర తిరుగుచు పడునపుడు దానిని సరిదిద్దుట దుస్తరము. కావున సీసపు దిమ్మలు బిగించుకొనవలెను. ఇందు సిగ్గేమియు లేదు.

ఒంటరి గ్లైడరులో గురువు వెనుక నుండడు గనుక, తొలిసారి దానినెక్కుటకు గాలి నెమ్మదిగానున్న వేళయే మేలు.