రక్తములోని కాల్షియము – వంశానుగత వ్యాధులు

మానవదేహమునందలి కాల్షియములో నూటికి 99 పాళ్లు ఎముకలయందును దంతములయందును నిలిచియుండును. మిగిలిన ఒక్క పాలులో కొంత మాత్రమే రక్తమునందు సంచరించును. ఈ కొద్దిపాటి కాల్షియము లేనిచో కండరములు సరిగా పనిచేయవు. గుండె లయ తప్పును. గాయమునుండి కారు రక్తము గడ్డకట్టదు. కావుననే శరీరము దీనిని ఇరుకైన హద్దులలో, అనగా డెసిలీటరు రక్తరసమునకు సుమారు 8.5 మొదలు 10.5 మిల్లీగ్రాముల వరకు, రేయింబవళ్లు కాపాడుచుండును.

ఈ హద్దు తప్పుటకు కారణములు పెక్కు కలవు. డి విటమిను లోపము, మూత్రపిండముల వ్యాధి, మెడకు జరిగిన శస్త్రచికిత్స, గ్రంథియందు పెరిగిన కంతి సాధారణముగ కానవచ్చు కారణములు. వీనికంటె అరుదైనవి, తల్లిదండ్రులనుండి బిడ్డలకు సంక్రమించునవి మరికొన్ని కలవు. అరుదైనవైనను వీనిని గుర్తించుట మిక్కిలి అవసరము. ఏలయన, పరీక్షాపత్రముపై కానవచ్చు ఒకే అంకె ఒక రోగికి చికిత్స అవసరమని తెలుపును. మరియొక రోగి విషయములో చికిత్సయే హానికరము కావచ్చును. ఈ భేదమును కనుగొనుటకు రోగి బంధువుల ఆరోగ్యచరిత్ర ఎంతయు తోడ్పడును.

దూరముగ నున్న బంధువులు

బిలాస్‌పూరు వంటి రైల్వే పట్టణములలోని తెలుగు కుటుంబములు ఈ సంగతిని ప్రత్యేకముగ గమనింపవలెను. బెంగాల్ నాగపూర్ రైల్వే 1887లో స్థాపింపబడినది. నాగపూరునుండి బిలాస్‌పూరు మీదుగా ఆసన్‌సోలు వరకు గల మార్గము 1891లో తెరువబడినది. 1902లో వాల్తేరునుండి కటకము వరకు గల తీరప్రాంత మార్గమును ఆ రైల్వేలోనే చేరినది. ఇట్లు శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములవారికి ఛత్తీస్‌గఢ్ ప్రాంతముతో ఉద్యోగసంబంధ మేర్పడినది. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు బిలాస్‌పూరు ప్రధాన కార్యస్థానమైనది.

రైల్వే ఉద్యోగుల కుటుంబములలో అన్న బిలాస్‌పూరునందు, చెల్లెలు విజయనగరమునందు, మరియొక సోదరుడు ఖరగ్‌పూరునందు నివసించుట సర్వసామాన్యము. వారి వైద్యపరీక్షల కాగితములు మూడు వేర్వేరు ఆసుపత్రులలో నుండును. మూడింటిని ఒక్కచోట చూచిన వైద్యుడుండడు. ఒక్కొక్కటిగా చూచినప్పుడు ఏమియు తెలియని వ్యాధి, మూడింటిని కలిపి చూచినప్పుడు వెల్లడి కావచ్చును.

గ్రంథులు, వాని కార్యము

మెడయందు థైరాయిడ్ గ్రంథి వెనుక, కందిబేడ పరిమాణము గల నాలుగు చిన్న గ్రంథులు సాధారణముగ నుండును. వీనిని పారాథైరాయిడ్ గ్రంథులందురు. 1850లో రిచర్డ్ ఓవెన్ అను శాస్త్రజ్ఞుడు లండనునందు మరణించిన భారతదేశపు ఖడ్గమృగము మెడలో దీనిని వర్ణించెను. 1880లో స్వీడను దేశీయుడగు ఐవార్ సాండ్‌స్ట్రోమ్ మానవదేహమునందు వీనిని వివరించెను.

రక్తములో కాల్షియము తగ్గగనే ఈ గ్రంథులు ఒక హార్మోనును స్రవించును. అది ఎముకలనుండి కాల్షియమును విడిపించును. మూత్రములో పోవు కాల్షియమును నిలుపును. డి విటమినును చురుకైన రూపమునకు మార్చుటకు మూత్రపిండములను ప్రేరేపించును. కాల్షియము తగినంత చేరగనే స్రావము తగ్గును. ఎంత చేరినదో తెలిసికొనుటకు గ్రంథికణముల పైభాగమున ఒక గ్రాహకము కలదు. రైలుబండి రాకను గనిపెట్టి సిగ్నలును దించు ఉద్యోగివలె ఇది పనిచేయును. ఈ గ్రాహకమును శాస్త్రజ్ఞులు 1993లో గుర్తించిరి. దానిని నిర్మించు జన్యువు 3వ క్రోమోసోముపై నున్నది.

ఒకే గ్రాహకము – రెండు వ్యతిరేక దోషములు

మొదటి దోషమునందు గ్రాహకము మందగించియుండును. కాల్షియము తగినంత యున్నను గ్రంథి లేదనియే తలచి హార్మోనును స్రవించుచుండును. మూత్రపిండములును కాల్షియమును విడువవు. రక్తములో కాల్షియము కొంత హెచ్చుగను, మూత్రములో తక్కువగను ఉండును. ఈ కుటుంబవ్యాధి 1972లో వైద్యులచే వర్ణింపబడినది. ఇది గలవారిలో అత్యధికులకు బాధ యేమియు ఉండదు. చికిత్సయు అవసరము లేదు. అయితే పరీక్షాపత్రమును మాత్రమే చూచి గ్రంథియందు కంతి యున్నదని భ్రమించి శస్త్రచికిత్స చేయుట తటస్థింపవచ్చును. గ్రంథులు కొన్ని తీసినను కాల్షియము తగ్గదు. అన్నియు తీసినచో జీవితాంతము కాల్షియము లోపించును.

రెండవ దోషమునందు గ్రాహకము అతిగా చురుకై యుండును. కాల్షియము తక్కువగ నున్నను చాలునని గ్రంథి విరమించును. రక్తములో కాల్షియము తగ్గును. మూత్రములో మాత్రము పోవుచునే యుండును. లక్షణములు లేనివారికి పెక్కుసార్లు చికిత్స అక్కరలేదు. అంకెను సాధారణ స్థాయికి తేవలెనను తొందరతో కాల్షియము, డి విటమిను అధికముగ నిచ్చినచో మూత్రములో కాల్షియము మరింత పెరిగి మూత్రపిండములలో రాళ్లు ఏర్పడవచ్చును; మూత్రపిండములు దెబ్బతినవచ్చును.

ఇతర వంశానుగత వ్యాధులు

11వ క్రోమోసోముపైగల ఒక జన్యువు దోషమువలన పారాథైరాయిడ్, క్లోమము, పిట్యుటరీ గ్రంథులలో కంతులు పెరుగు వ్యాధి కలదు. ఆ జన్యువు 1997లో గుర్తింపబడినది. ఇచ్చట కాల్షియము హెచ్చుట నిర్లక్ష్యము చేయరాదు. రోగిని, బంధువులను ఏండ్ల తరబడి పరీక్షించుచుండవలెను. మందగించిన గ్రాహకమునకు చికిత్స వలదనిన మాట ఈ వ్యాధికి చెల్లదు.

22వ క్రోమోసోములో చిన్నభాగము లోపించిన శిశువులకు గుండెలో పుట్టుకతో వచ్చు లోపములతోపాటు కాల్షియము తగ్గుటవలన మూర్ఛలు రావచ్చును. వీరిలో పెక్కుమందికి ఈ లోపము తల్లిదండ్రులనుండి గాక క్రొత్తగా ఏర్పడును. మరియొక వ్యాధియందు హార్మోను సమృద్ధిగ నున్నను దేహము దాని ఆజ్ఞను పాటింపదు. దీనిని 1942లో ఆల్‌బ్రైట్ అను వైద్యుడును ఆయన సహచరులును వర్ణించిరి.

సంక్రమించు విధము

కొన్ని వ్యాధులు తల్లిదండ్రులలో ఒక్కరినుండి దోషజన్యువు వచ్చినను కలుగును. పైన చెప్పిన గ్రాహకదోషములు సామాన్యముగ ఇట్టివే. అట్టి వ్యక్తికి పుట్టు ప్రతి బిడ్డకును దోషము సంక్రమించుటకు సగము అవకాశము కలదు. ఆడ, మగ భేదము లేదు.

మరికొన్ని వ్యాధులు ఇరువురినుండియు దోషజన్యువు వచ్చిననే కలుగును. తల్లి, తండ్రి ఆరోగ్యముగ నుండి, దోషమును లోలోపల మోయుచున్నచో ప్రతి బిడ్డకును నాలుగింట ఒక వంతు అవకాశము కలదు. డి విటమిను సాధారణ మోతాదులకు లొంగని కొన్ని రికెట్సు వ్యాధులు ఈ కోవలోనివి. వీనిలో ఒక దానియందు బిడ్డకు తలపై జుట్టు కూడ ఉండకపోవచ్చును.

తెలుగువారిలో మేనరికములు, మేనమామ వివాహములు చిరకాలమునుండి కలవు. మేనమామ, మేనకోడలు తమ జన్యువులలో సుమారు నాల్గవ వంతును, మేనత్త మేనమామల బిడ్డలు ఎనిమిదవ వంతును సమానముగ కలిగియుందురు. కావున ఒకే దోషము ఇరువురియందు నుండుట ఎక్కువ సంభవము. మందగించిన గ్రాహకము గల ఇరువురు వివాహమాడినచో బిడ్డకు రెండు దోషజన్యువులును చేరవచ్చును. అట్టి శిశువునకు పుట్టిన కొద్దిదినములలోనే కాల్షియము ప్రమాదకరముగ పెరిగి, పాలు త్రాగలేకపోవుట, ఒళ్లు వ్రేలాడుట, ఎముకలు విరుగుట, శ్వాస కష్టమగుట కలుగును. పెద్దలకు నిరపాయమైన దోషము శిశువునకు ప్రాణాపాయమగునది ఇచ్చటనే. ఇది ఎవరి తప్పును కాదు. తల్లిని నిందించుట న్యాయము కాదు. కుటుంబములో ఇట్టి దోషము తెలిసినచో వివాహమునకు ముందును, గర్భధారణకు ముందును వైద్యుని సలహా పొందవలెను.

గుర్తులు, పరీక్షలు

కాల్షియము తగ్గినప్పుడు పెదవులచుట్టును వ్రేళ్లకొనలందును తిమ్మిరి, చేతివ్రేళ్లు కొంకరపోవుట, కండరముల నొప్పి, మూర్ఛలు కలుగును. వీనిని గాలి సోకుటగనో, కేవలము మూర్ఛరోగముగనో భావించి కాలహరణము చేయరాదు. కాల్షియము హెచ్చినప్పుడు దాహము, అతిమూత్రము, మలబద్ధకము, నీరసము, మూత్రపిండములలో రాళ్లు, మనస్సు మందగించుట కలుగవచ్చును.

వైద్యుడు రక్తములో కాల్షియము, ఆల్బుమిను, భాస్వరము, మెగ్నీషియము, క్రియాటినిను, డి విటమిను, పారాథైరాయిడ్ హార్మోనులను, మూత్రములో 24 గంటల కాల్షియమును పరీక్షించును. రక్తములోని భాస్వరమును కొలుచుటకు 1925లో ఫిస్కేతో కలసి ఒక పద్ధతిని ప్రకటించినవాడు భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ పద్ధతి వారిరువురి పేరిట ప్రసిద్ధి చెందినది. హార్మోను లోపించినచో భాస్వరము హెచ్చును. గ్రంథిలో కంతి యున్నచో తగ్గును. అవసరమైనచో జన్యుపరీక్ష చేయింతురు. హైదరాబాదునందలి డి.ఎన్.ఎ. ముద్రణ, రోగనిర్ధారణ కేంద్రము అట్టి పరీక్షలు జరుపు సంస్థలలో నొకటి.

కుటుంబము చేయవలసినవి

1. తాతముత్తాతలనుండి బిడ్డలవరకు వంశవృక్షమును ఒక కాగితముపై వ్రాయవలెను. మూత్రపిండములలో రాళ్లు, మూర్ఛలు, మెడకు శస్త్రచికిత్స, శిశుమరణములు, రక్తసంబంధ వివాహములు అందు గుర్తింపవలెను.

2. ఇతర పట్టణములలోని బంధువుల పరీక్షాపత్రముల నకళ్లను తెప్పించి ఒక్కచోట భద్రపరచవలెను. బదిలీ అయినప్పుడు వానిని వెంట తీసికొనిపోవలెను.

3. మెడ శస్త్రచికిత్సకు ముందు, మూత్రములోని కాల్షియమును పరీక్షించితిరా, కుటుంబసభ్యులను పరీక్షింపవలెనా యని వైద్యుని అడుగవలెను.

4. వైద్యుని సలహా లేక కాల్షియము మాత్రలను గాని, డి విటమిను సూదిమందును గాని వాడరాదు. వైద్యుడు ఇచ్చిన మందును తమంతట తాము మానరాదు.

5. మూర్ఛ వచ్చిన శిశువును, పాలు త్రాగలేని శిశువును వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను.

ఒక యింటిలో ఒకరి వ్యాధి సరిగా తెలిసినచో, రోగి యొక్కనికే గాక దూరపట్టణములందున్న తోబుట్టువులకును, పుట్టబోవు బిడ్డలకును అది రక్షణయగును. కావున బంధువుల ఆరోగ్యచరిత్రను దాచక, వైద్యునికి తెలియజేయుట ప్రతి కుటుంబమునకును కర్తవ్యము.