పదేళ్లు సముద్రంలో నానినా కరగని నోటు



1922 మే 20న ఫ్రాన్స్ తీరానికి దగ్గర్లో దట్టమైన పొగమంచు కమ్మింది. లండన్ నుంచి బొంబాయికి బయలుదేరిన 'ఈజిప్ట్' అనే ఓడను మరో ఓడ ఢీకొట్టింది. కాసేపట్లోనే అది మునిగిపోయింది. అందులో టన్నులకొద్దీ బంగారం, వెండి ఉన్నాయి. వాటితో పాటు హైదరాబాద్ నిజాం ప్రభుత్వం కోసం లండన్‌లో అచ్చేసిన కరెన్సీ నోట్లు కూడా ఉన్నాయి.

ఓడ నూరు మీటర్లకు పైగా లోతున పడిపోయింది. 1932లో ఇటలీకి చెందిన గజ ఈతగాళ్ల బృందం బంగారం కోసం దిగినప్పుడు, నిజాం నోట్లు కూడా పైకి వచ్చాయి. పదేళ్లు ఉప్పునీటిలో ఉన్నా అవి గుజ్జు కాలేదు. వాటిలో కొన్ని నోట్లు పాత నోట్లు సేకరించేవాళ్ల దగ్గర ఈరోజుకీ ఉన్నాయి.

ఇప్పుడు మీ అబ్బాయి స్కూల్ డైరీని ఒక్క రాత్రి బకెట్ నీళ్లలో ఉంచితే ఏమవుతుందో ఊహించండి. రెండూ కాగితాలే కదా, మరి ఎందుకింత తేడా? ఈ నెల పాఠం అదే. పిల్లలతో కలిసి చదవండి. సైన్సు, సోషల్, లెక్కలు మూడూ ఇందులో ఉన్నాయి. చివర్లో పెద్దవాళ్లం మనం ఆలోచించాల్సిన విషయం ఒకటుంది.

నందిగామ దారిలో రెండు పంటలు

భవానీపురం నుంచి హైదరాబాద్ హైవే మీద నందిగామ, జగ్గయ్యపేట వైపు వెళ్లినప్పుడు పిల్లలకు కిటికీలోంచి రెండు పంటలు చూపించండి. ఒకటి సుబాబుల్ తోట, రెండోది పత్తి చేను. నోట్‌బుక్ కాగితం సుబాబుల్, సరుగుడు లాంటి చెట్ల కలప నుంచి వస్తుంది. రాజమహేంద్రవరంలోని పేపర్ మిల్లు వాడేది అలాంటి కలపే. కరెన్సీ నోటు మాత్రం పత్తి నుంచి వస్తుంది. మన దేశంలో నోట్ల కాగితం నూటికి నూరు శాతం పత్తితోనే తయారవుతుందని రిజర్వ్ బ్యాంకే చెబుతుంది.

కలపలో సెల్యులోజ్ పీచుతో పాటు లిగ్నిన్ అనే పదార్థం ఉంటుంది. పాత న్యూస్‌పేపర్ పసుపు రంగులోకి మారి పెళుసుగా అయ్యేది ఎక్కువగా దీనివల్లే. కలప పీచు పొట్టిది కూడా. పత్తి దాదాపు స్వచ్ఛమైన సెల్యులోజ్, దాని పీచు పొడవుగా ఉంటుంది. పొడవైన పీచులు ఒకదానిలో ఒకటి పెనవేసుకుంటే ఆ కాగితం వేల సార్లు మడిచినా, చొక్కా జేబులో చెమటకు తడిసినా త్వరగా చిరగదు. ఓడ మునిగిన కాలంలో నోట్ల కాగితాన్ని పత్తి, నార బట్టల పేలికల నుంచి తీసేవారు. పీచు రహస్యం అప్పుడూ ఇదే.

ఇప్పుడు పేలికలకు బదులు, స్పిన్నింగ్ మిల్లులో నూలు వడికే ముందు పత్తిని దువ్వినప్పుడు రాలే పొట్టి పీచును వాడతారు. మిల్లుల్లో దాన్ని కోంబర్ నాయిల్ అంటారు. నూలుకు అది పనికిరాదు. అయినా కలప పీచుతో పోలిస్తే ఇది ఇంకా పొడవైనదే. చొక్కాకు పనికిరాని పీచు చొక్కా జేబులోని 500 నోటుకు పనికొస్తుందన్నమాట.

పత్తి నుంచి నోటు దాకా

ముందుగా పత్తి పీచును కాస్టిక్ సోడా కలిపిన నీళ్లలో, ఒత్తిడిలో ఉడికిస్తారు. పత్తికి సహజంగా ఉండే మైనం, మురికి పోతాయి. తర్వాత తెల్లబరిచి బాగా కడుగుతారు. ఆ పీచును యంత్రాల్లో నలగగొడితే దాని ఒంటి మీద సన్నని నూగు లేస్తుంది. పీచులు ఒకదాన్నొకటి పట్టుకునేది ఈ నూగుతోనే. దానికి నీళ్లు కలిపి పలచన చేస్తారు. ఎంత పలచన అంటే, అందులో 99 శాతానికి పైగా నీళ్లే.

అసలు పనితనం ఇక్కడి నుంచి మొదలవుతుంది. ఈ నీళ్ల తొట్టిలో సన్నని తీగ జల్లెడ చుట్టిన పెద్ద సిలిండర్ తిరుగుతుంటుంది. నీళ్లు జల్లెడలోంచి లోపలికి పోతాయి, పీచు పైన పొరలా నిలుస్తుంది. ఆ జల్లెడ నున్నగా ఉండదు. గాంధీజీ ముఖం అందులో ఎత్తుపల్లాలుగా చెక్కి ఉంటుంది. పల్లం ఉన్న చోట పీచు ఎక్కువ చేరి కాగితం మందంగా వస్తుంది, ఎత్తు ఉన్న చోట పలచగా వస్తుంది. వెలుతురుకు పట్టి చూసినప్పుడు మందమైన చోటు నీడలా, పలచని చోటు వెలుగులా కనిపిస్తుంది. అదే వాటర్‌మార్క్. అందులో ఒక్క చుక్క ఇంకు కూడా లేదు. పక్కన మెరిసే '500' అంకె కోసం జల్లెడ మీద లోహపు ముక్కలు అతికిస్తారు. అక్కడ కాగితం బాగా పలచబడి గీతలు తెల్లగా మెరుస్తాయి.

సెక్యూరిటీ దారాన్ని కూడా ఈ దశలోనే తొట్టిలోకి వదులుతారు. పీచు దాని చుట్టూ పేరుకుంటుంది. కాబట్టి దారం కాగితం మీద అతికించింది కాదు, కాగితం కడుపులో ఉన్నదే. ఆ తర్వాత పొరను ఫెల్ట్ మీదికి తీసుకుని, నీరు పిండి, ఆరబెట్టి, జిగురు లాంటి ద్రావణంలో ముంచి మళ్లీ ఆరబెడతారు. ఈ పూత కాగితానికి మరింత బలాన్నిస్తుంది. అచ్చు పని ఇంకా మొదలు కాలేదని గమనించండి. దొంగనోటును కట్టడి చేసే పని సగం కాగితం మిల్లులోనే అయిపోతుంది.

కాకినాడ పేరున్న నోట్లు

కాగితపు డబ్బును మొదట వాడినవాళ్లు చైనీయులు. సిచువాన్ ప్రాంతంలో వ్యాపారులు మొదలుపెట్టిన కాగితపు చీటీలను 11వ శతాబ్దంలో అక్కడి ప్రభుత్వం తన చేతుల్లోకి తీసుకుంది. వాటర్‌మార్క్ మాత్రం 13వ శతాబ్దం చివర్లో ఇటలీలోని ఫాబ్రియానో ఊళ్లో పుట్టింది.

మన దేశంలో 1861 చట్టంతో నోట్లు జారీ చేసే అధికారం ప్రభుత్వం ఒక్కదానికే దక్కింది. విక్టోరియా రాణి బొమ్మతో వచ్చిన ఆ తొలి నోట్ల కాగితం ఇంగ్లండ్‌లోని పోర్టల్స్ కంపెనీ మిల్లులో చేత్తో తయారయ్యేది. అచ్చు ఒకవైపే ఉండేది. ఆ రోజుల్లో దేశాన్ని కరెన్సీ సర్కిళ్లుగా విభజించారు. మద్రాసు సర్కిల్ కింద కాకినాడ, విశాఖపట్నం పేర్లతో కూడా నోట్లు వచ్చాయి. దూరప్రాంతానికి పోస్టులో డబ్బు పంపాలంటే నోటును రెండు ముక్కలుగా కత్తిరించేవారు. ఒక సగం చేరిందని కబురు వచ్చాకే రెండో సగం పంపేవారు. ఈ సంగతి పిల్లలకు చెప్పి, అలా ఎందుకు చేసేవారో వాళ్లనే ఊహించమనండి.

హైదరాబాద్ సంస్థానం 1918లో సొంత నోట్లు తెచ్చింది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో వెండికి కొరత రావడం దీనికి ముఖ్య కారణం. ఆ నోట్ల మీద ఉర్దూ, మరాఠీ, కన్నడ భాషలతో పాటు తెలుగు కూడా ఉండేది. వాటర్‌లో అండ్ సన్స్ అనే లండన్ కంపెనీ వాటిని అచ్చేసేది. ఈజిప్ట్ ఓడలో మునిగినవి అవే.

నోట్లు అచ్చేయడం మనకు 1928లో నాసిక్ ప్రెస్‌తో వచ్చింది. కాగితం తయారీ రావడానికి మరో 40 ఏళ్లు పట్టింది. 1968లో నర్మదా తీరాన హోషంగాబాద్‌లో సెక్యూరిటీ పేపర్ మిల్లు మొదలైంది. ఆ ఊరిని ఇప్పుడు నర్మదాపురం అంటున్నారు. ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు మనకు కావలసిన కాగితంలో పెద్ద భాగం విదేశాల నుంచే కొన్నాం. 2010లో మైసూరు మిల్లు కోసం కంపెనీ ఏర్పడింది. ఆ మిల్లును ఏడాదికి 12,000 టన్నుల సామర్థ్యంతో నిర్మించారు.

ఇంట్లో చూపించండి

ఒక 500 నోటు తీసి పిల్లల చేతికివ్వండి.

వెలుతురు: కిటికీ దగ్గర పట్టుకుని చూడమనండి. గాంధీజీ ముఖంలో వెలుగునీడలు మెల్లగా కలిసిపోవాలి. నకిలీలో వాటర్‌మార్క్‌ను లేత ఇంకుతో అచ్చేస్తారు, కాబట్టి అది వెలుతురు లేకుండానే గీసినట్టు కనిపిస్తుంది.

వంపు: నోటును వంచితే దారం ఆకుపచ్చ నుంచి నీలానికి మారాలి.

స్పర్శ: ముందువైపు రెండు అంచుల్లో ఐదేసి ఏటవాలు గీతలు వేలికి ఉబ్బెత్తుగా తగలాలి. చూపులేనివాళ్ల కోసం పెట్టినవి ఇవి. 100 నోటుకు నాలుగేసి గీతలు ఉంటాయి.

భాష: వెనకవైపు 15 భాషల వరుసలో తెలుగు ఎక్కడుందో వెతకమనండి. కింది నుంచి రెండోది.

ఆరో తరగతి దాటిన పిల్లలకు ఇంకో ప్రశ్న. షాపుల్లో నోటు మీద గీసే పెన్నులో ఏముంటుంది? అయోడిన్. మామూలు కాగితంలో పిండిపదార్థం కలుపుతారు, అయోడిన్ తగిలితే నల్లబడుతుంది. నోటు కాగితంలో అది ఉండదు కాబట్టి రంగు మారదు. బంగాళదుంప మీద చేసిన ప్రయోగమే ఇది.

లెక్క: 500 నోటు పొడవు 150 మి.మీ., వెడల్పు 66 మి.మీ. వైశాల్యం 9,900 చ.మి.మీ. చిరిగిన నోటులో మిగిలిన పెద్ద ముక్క 80 శాతం కంటే ఎక్కువ ఉంటే బ్యాంకు పూర్తి డబ్బు ఇవ్వాలి. 40 నుంచి 80 శాతం ఉంటే సగం ఇస్తుంది. 40 కంటే తక్కువైతే ఏమీ రాదు. 50, అంతకు పైబడిన నోట్లకు ఇది రూలు. 20, అంతకు తక్కువ నోట్లకు సగం కంటే ఎక్కువ భాగం మిగిలితే పూర్తి డబ్బు వస్తుంది. ఇప్పుడు ప్రశ్న: అడ్డంగా చిరిగిన 500 నోటులో 122 మి.మీ. ముక్క మిగిలితే ఎంత వస్తుంది? 120 మి.మీ. మిగిలితే ఎంత? జవాబుల మధ్య 250 రూపాయల తేడా ఉంది. వాళ్లనే కనుక్కోనివ్వండి.

ప్రాజెక్టు: పాత న్యూస్‌పేపర్‌ను నానబెట్టి మిక్సీలో గుజ్జు చేయండి. దోమల జాలీని చిన్న ఫ్రేముకు బిగించి, దాని మీద లావు దారంతో పిల్లల పేరులోని మొదటి అక్షరం కుట్టండి. గుజ్జు కలిపిన నీళ్లలో జాలీని ముంచి నెమ్మదిగా పైకి తీసి, పలచని పొరను బట్ట మీదికి తిప్పి ఆరబెట్టండి. ఎండాక వెలుతురుకు పట్టి చూస్తే అక్షరం కనిపిస్తుంది. మీ అమ్మాయి చేసిన మొదటి వాటర్‌మార్క్ అది.

మన చేతిలో ఉన్న భాగం

ప్రైమరీ తరగతుల్లో 'షాపు ఆట' యాక్టివిటీ ఇచ్చినప్పుడు కొందరు అసలు నోట్లను కలర్ జిరాక్స్ తీయించి పంపుతున్నారు. దయచేసి అలా చేయకండి. ఉద్దేశం ఏదైనా, నోటును పోలిన కాగితం తయారుచేయడం భారతీయ న్యాయ సంహిత 182వ సెక్షన్ కింద నేరం. వేరే సైజులో, వేరే రంగులో పిల్లలే నోట్లు గీసుకుంటే ఆట ఇంకా బాగుంటుంది.

రెండోది కష్టమైన విషయం. రైతుబజారులోనో, వన్ టౌన్‌లోనో మీ చేతికి ఒక 500 దొంగనోటు వచ్చిందనుకోండి. ఇంటికొచ్చాక తెలిసింది. బ్యాంకుకు తీసుకెళ్తే దాని మీద నకిలీ అని ముద్ర వేసి, మీకు ఒక రసీదు ఇచ్చి, నోటు వాళ్లే ఉంచుకుంటారు. బదులు డబ్బు ఇవ్వరు. ఒకేసారి నాలుగు నోట్ల వరకైతే బ్యాంకు నెలవారీ రిపోర్టులో పోలీసులకు తెలియజేస్తుంది. ఐదు, అంతకు మించితేనే ఎఫ్ఐఆర్. కాబట్టి ఒక్క నోటుతో వెళ్లడానికి భయపడనక్కర్లేదు. కానీ 500 పోతాయి. ఒక మామూలు కుటుంబానికి అది చిన్న మొత్తం కాదు.

"రాత్రిపూట రద్దీలో పెట్రోలు బంకులో ఇచ్చేద్దాంలే" అనే మాట అప్పుడే వస్తుంది. తెలిసి చెలామణి చేయడం చట్టం దృష్టిలో పెద్ద నేరం. చట్టం సంగతి అటుంచి, ఆ మాట అనేటప్పుడు పక్కన పిల్లవాడు ఉంటాడు. ఆ నోటు చివరికి చేరేది, వెలుతురుకు పట్టి చూసే తీరిక లేని ఒక కూరగాయలమ్మ చేతికి అని వాడికి అర్థమవుతుంది. నష్టం మనది కాకుండా పోదు, మనకంటే లేనివాళ్ల మీదికి మారుతుందంతే.

వాటర్‌మార్క్ గుర్తుపట్టడం నేను క్లాసులో నేర్పగలను. గుర్తుపట్టాక ఏం చేయాలో పిల్లలు మిమ్మల్ని చూసే నేర్చుకుంటారు. అలాంటి నోటు వస్తే బ్యాంకుకు వాళ్లను కూడా వెంట తీసుకెళ్లండి. రసీదు వాళ్ల చేత తీసుకోనివ్వండి.

— ఇంగ్లిష్ టీచర్, భవానీపురం బ్రాంచ్