స్టౌట్ చేదును ఆస్వాదించడం ఎలా?

ప్రశ్న: డబ్లిన్‌లో మా అబ్బాయి ఓహారాస్ ఐరిష్ స్టౌట్ అనే నల్ల బీరు రుచి చూపించాడు. మాడిన కాఫీలా చేదుగా అనిపించింది. అందులో గొప్ప ఏముందండీ?

జవాబు: మీ నాలుక సరిగ్గానే పట్టింది. ఆ చేదు, ఆ నలుపు చాలావరకు బాగా వేయించిన బార్లీవే. పైగా ఇలాంటి డ్రై స్టౌట్‌లో చక్కెరలు చాలావరకు పులిసిపోతాయి, తీపి పెద్దగా మిగలదు. ఫ్రిజ్‌లోంచి తీయగానే తాగకండి, ఆ చలికి వాసన పైకి రాదు. 10 డిగ్రీల దగ్గరికి రానిచ్చి, ముందు వాసన చూడండి. చిన్న గుక్క నోట్లో కాసేపు ఉంచండి. మొదట కాఫీ, వెనకే సన్నటి పులుపు, మింగాక నాలుక ఆరిపోయినట్టుండే చేదు. నన్ను కట్టిపడేసేది ఆ చివరి చేదే! నల్లగా ఉంది కదా అని ఘాటనుకోకండి, ఆల్కహాల్ 4.3 శాతమే. ఐర్లాండ్‌లో దీనికి జోడీ పచ్చి ఆయిస్టర్లు. వాటి ఉప్పదనానికి చేదు మెత్తబడుతుంది, ఈసారి అలా తాగి చూడండి.