ఏజెంటుకు బాప్తిస్మమిస్తే నీ డబ్బు సంగతేమిటి?

సూర్, ఒమన్

అల్లుడూ,

నీ మెసేజ్ చదివాను. విజిట్ వీసా మీద మస్కట్ పంపి నిన్ను గాలికొదిలేసిన ఏజెంటు మన సంఘంలోనే బాప్తిస్మం తీసుకున్నాడనీ, అతను సాక్ష్యం చెబుతుంటే అందరూ హల్లెలూయ అన్నారనీ, నువ్వు మధ్యలోనే లేచి వచ్చేశావనీ రాశావు. "దేవుడు వాణ్ణి క్షమించేస్తే నాకు న్యాయం ఎవరు చేస్తారు మామయ్యా?" అన్నావు. విశ్వాసం సన్నగిల్లినవాడి ప్రశ్న కాదిది. హబక్కూకు ప్రవక్త కూడా దేవుణ్ణి ఇలాగే నిలదీశాడు.

మనలో చాలామంది దేవుడి క్షమాపణ కూడా ఒక మాఫీయే అనుకుంటారు. మాఫీ ఎలా ఉంటుందో నీకు తెలుసు. గడువు దాటి ఉండిపోయినవాళ్లు దేశం వదిలి వెళ్లిపోతే జరిమానాలు కట్టక్కర్లేదని 2020 నవంబరు 15 నుంచి ఒమన్ ప్రభుత్వం వెసులుబాటు ఇచ్చింది. నువ్వు ఇల్లు చేరింది దానితోనే. నీ పేరు మీదున్న రియాళ్ల బాకీ కొట్టేశారు, ఎవరూ కట్టలేదు. ఆ దయకు మనం రుణపడి ఉన్నాం. కానీ నిన్ను ఆ గతికి తెచ్చినవాడి తప్పు ఆ లెక్కలోకే రాలేదు. దేవుడు చేసేదీ ఇంతే అయితే నీ కోపం న్యాయమే.

కానీ దేవుడు చేసేది ఇంతే కాదు. నిర్గమకాండం 25 తీసి మందసం ఎలా చేయించారో నెమ్మదిగా చదువు. తుమ్మకర్ర పెట్టె, లోపలా బయటా బంగారు రేకు. దానిలో ఆజ్ఞలు చెక్కిన రాతి పలకలు. పైన మూతగా మేలిమి బంగారు కరుణాపీఠం, దాని రెండు కొసల్లో కెరూబులు. మోషేతో మాట్లాడతానని దేవుడన్నది ఆ మూత మీద నుంచే. ఏడాదికొకసారి, ప్రాయశ్చిత్త దినాన, ప్రధాన యాజకుడు రక్తం చల్లేదీ అక్కడే. కరుణ చూపడానికి ఆ పలకల్ని తీసి అవతల పారేయలేదు, గమనించావా? మనం మీరిన ఆజ్ఞలు లోపలే ఉన్నాయి. వాటికీ దేవుడి సన్నిధికీ నడుమ ఒక ప్రాణం పోయింది. రోమా పత్రిక మూడో అధ్యాయంలో పౌలు సిలువను దీనితోనే వివరిస్తాడు. అంతకుముందు పాపాల్ని చూసీ చూడనట్టు ఊరుకున్నట్టున్న దేవుడు నీతిమంతుడేనని సిలువ దగ్గర రుజువైంది. పాపిని నీతిమంతుడిగా ఎంచేదీ అక్కడే.

తప్పు ఒకడిది, శిక్ష ఇంకొకడికా అని నువ్వు అడుగుతావు. ఇక్కడ యూరియా ప్లాంటులో నాతో పనిచేసే ముస్లిం మిత్రులూ అదే అడుగుతారు. దారినపోయే మూడో మనిషిని పట్టుకొచ్చి శిక్షిస్తే అది ముమ్మాటికీ అన్యాయం. మనం నమ్మేది అది కాదు. తీర్పు తీర్చవలసినవాడే, మన వల్ల అన్యాయానికి గురైనవాడే, క్రీస్తులో దిగివచ్చి ఆ భారం తన మీద వేసుకున్నాడు. పాపాన్ని ఊరికే వదిలేస్తే చేసినవాడూ చేయనివాడూ దేవుడి దగ్గర ఒకటైపోతారని 1098 నాటికే ఆన్సెల్మ్ వాదించాడు. ఆయన పుస్తకంలో పరువు, బాకీల లెక్క కాస్త ఎక్కువే అనిపిస్తుంది గానీ, ఈ ఒక్క మాట దగ్గర నేను ఆయన పక్షం.

ఇక నీ డబ్బు. ప్రభువు ఇంటికి రాగానే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్నాడు. ఇవ్వమని ఎవరూ అడిగినట్టు లేదు. మీ ఏజెంటు సాక్ష్యంలో అలాంటి మాట ఏమైనా వచ్చిందా? రాకపోతే అడిగే హక్కు నీకుంది. పాస్టరుగారు "క్షమించి మరిచిపో" అంటే, ఆయన పెద్దరికానికి లోటు రాకుండా లూకా 19 తెరిచి చూపించు. మత్తయి 18 చెప్పినట్టు ముందు ఏజెంటుతో ఒంటరిగా మాట్లాడు. వినకపోతే ఇద్దరు ముగ్గురిని వెంటబెట్టుకుని వెళ్లు, ఆ తర్వాత సంఘంలో పెట్టు. అప్పటికీ కదలకపోతే పోలీసు స్టేషనుకు వెళ్లు. లైసెన్సు లేకుండా పనికోసం మనుషుల్ని విదేశాలకు పంపడం 1983 వలసల చట్టం కింద నేరం. కేసు పెడితే పగబట్టినట్టు కాదు. ఫిలిప్పీలో విచారణ లేకుండా కొట్టి చెరసాలలో వేసినందుకు, అధికారులే వచ్చి బయటికి తీసుకెళ్లాలని పౌలు పట్టుబట్టాడు. రేపు మరో కుర్రాడు అదే వలలో పడకూడదన్నా ఇది చెయ్యాలి.

కానీ అతను నాశనమైపోవాలని మాత్రం ప్రార్థించకు. ఆ మత్తయి 18లోనే, పదివేల తలాంతుల అప్పు తీర్చలేక క్షమాపణ పొందినవాడు నూరు దేనారాల కోసం తోటివాడి గొంతు పట్టుకున్నాడు. నూరు దేనారాలంటే అప్పట్లో నూరు రోజుల కూలి. అది చిన్న మొత్తం కాదు, యేసు నీ నష్టాన్ని తీసిపారేయలేదు. పదివేల తలాంతులు మాత్రం ఏ కూలివాడూ జన్మలో తీర్చలేడు. నువ్వూ నేనూ ఆ అప్పులో ఉన్నవాళ్లమే అల్లుడూ.

రసీదు, వీసా కాపీ దగ్గర పెట్టుకో, అతను పంపిన వాట్సాప్ మెసేజ్‌లు ప్రింటు తీయించు. అతని దగ్గరకు వెళ్లేముందు మీ అమ్మతో కూర్చుని మాట్లాడు. గాజులు తాకట్టు పెట్టింది తను. వడ్డీతో కలిపి ఎంత రాబట్టాలో తనకే బాగా తెలుసు.

మీ మామయ్య