మేజిస్ట్రేటు పీఠముపై మతప్రాతినిధ్యము

2014 జనవరిలో కేంద్ర ప్రభుత్వము జైనులను అల్పసంఖ్యాక వర్గముగా గుర్తించినది. అప్పటినుండి మనవారిలో కొందరు "మేజిస్ట్రేటు పదవులలో మన వాటా ఏది?" అని అడుగుచున్నారు. దీనికి జవాబు వెదకుటకు పాత బొంబాయి చరిత్ర కొంత ఉపకరించును.

కంపెనీ కాలమున బొంబాయి, మద్రాసు, కలకత్తా నగరములలో చిన్న నేరములను విచారించు అధికారిని జస్టిస్ ఆఫ్ ది పీస్ అనెడివారు. 1832 వరకు ఆ పదవి భారతీయులకు దక్కలేదు. ఇక 1826 నాటి జ్యూరీ చట్టము మతమునే గీతగా గీచినది. క్రైస్తవుని విచారించు జ్యూరీలో అందరును క్రైస్తవులే ఉండవలెను. హిందువును, మహమ్మదీయుని మాత్రము క్రైస్తవులు విచారింపవచ్చును. త్రాసు ఒకటే, తూనికరాళ్లు రెండు విధములు! రామమోహన్ రాయ్ దీనిని ఖండించెను. హిందువులు, మహమ్మదీయులు కలిసి పార్లమెంటుకు అర్జీలు పంపిరి. 1832లో ఆ నిషేధము తొలగి, జస్టిస్ పదవియు మనవారికి తెరువబడినది. బొంబాయిలో తొలుత నియమితులైన భారతీయులలో జగన్నాథ శంకరసేట్, పారశీ వర్తకుడు జంషెట్‌జీ జీజీభాయ్ ఉన్నారు.

ఆ చట్టము ఏ మతమునకును ఇన్ని స్థానములని లెక్క కట్టలేదు. అయితే లోనికి పోయినవారు సర్కారు ఎరిగిన ధనవంతులే. చిన్న దుకాణదారు ఏ మతమువాడైనను బయటనే నిలిచెను. ఇది చిన్న సంగతి కాదు, ఏలయనగా 1865లో ఆ జస్టిసులనే నగర మునిసిపల్ సంస్థగా చేసి పన్నులు కూడ వారి చేతికిచ్చిరి. చిన్నవర్తకునికి కొంత ఊరట 1872లో వచ్చినది. పన్ను చెల్లించువారు సగము సభ్యులను ఎన్నుకొను హక్కు పొందిరి. అదియు మతమునుబట్టి వచ్చినది కాదు.

జైనుల వాటాలో పీఠమెక్కిన మేజిస్ట్రేటు జైనునికి అనుకూలముగా తీర్పు చెప్పినచో ఎదుటి కక్షిదారు నమ్మునా? ప్రతికూలముగా చెప్పినచో మనవారే ఊరకుందురా? నా మట్టుకు వాటా కోరుట తగదనియే తోచుచున్నది. రాజ్యాంగము 16వ అధికరణము సర్కారు ఉద్యోగములలో మతభేదము చూపరాదనుచున్నది. అది అందరికిని ఒకే తూనికరాయి.

నేడు జుడీషియల్ మేజిస్ట్రేటు పదవికి లా పట్టా కావలెను, పోటీపరీక్షలో నెగ్గవలెను. మన ఇండ్లలో బి.కాం., సి.ఏ. చదువులకున్న ఆదరము లా చదువునకు లేదు. స్థానిక భాషయు రావలెను. కర్ణాటకలో కన్నడము, తమిళనాడులో తమిళము. ఇంట తెలుగు మాటలాడినను, ఈ ఊళ్ల అంగళ్లలోనే పెరిగిన మన పిల్లలకు ఆ భాషలు కొత్తవి కావు.