స్క్రిప్టు చదవడానికి ఫీజు: ఎవరికి కట్టొచ్చు, ఎవరికి కట్టకూడదు

సినిమా రచయిత కావాలనుకునే యువతకు ఫోన్ తెరిస్తే చాలు, ప్రకటనలే ప్రకటనలు. స్క్రిప్టు చదివి లోపాలు చెప్పడానికి ఇంత, నెల రోజుల స్క్రీన్‌ప్లే వర్క్‌షాపుకు ఇంత, నిర్మాత దగ్గర నరేషన్ ఇప్పించడానికి ఇంత. వీటన్నిటినీ ఒకే గాటన కట్టి మోసమని కొట్టిపారేయలేం. కొన్ని నిజంగా పనికొస్తాయి, కొన్ని ఆశను అమ్ముకుని బతుకుతాయి. డబ్బు కట్టేముందు ఒక్క సంగతి తేల్చుకోండి: మీరు కొంటున్నది చదువరి అభిప్రాయాన్నా, చదువునా, అవకాశాన్నా? మొదటి రెండూ కొనుక్కోవచ్చు. మూడోది అమ్ముతామన్నవాడి దగ్గర ఆగకండి.

ఈ వ్యాపారం పుట్టింది హాలీవుడ్‌లో. స్టూడియోలకు వచ్చే స్క్రిప్టులన్నీ పెద్దవాళ్లు చదవలేరు కాబట్టి జీతమిచ్చి రీడర్లను పెట్టుకుంటారు. రీడర్ కథాసారం రాసి, బలాలూ బలహీనతలూ చెప్పి, తీసుకోవచ్చా, ఆలోచించాలా, వద్దా అన్నది చివర్లో తేలుస్తాడు. దీన్ని కవరేజ్ అంటారు. అక్కడ రీడర్‌కు డబ్బిచ్చేది స్టూడియో. అదే పనిని తర్వాత రచయితలకు అమ్మడం మొదలైంది. డబ్బిచ్చే చెయ్యి మారేసరికి పని స్వభావమూ మారింది. స్టూడియో రీడర్ మొహమాటం లేకుండా వద్దని చెప్పాలి, లేకపోతే అతని ఉద్యోగానికే అర్థం లేదు. రచయిత దగ్గర ఫీజు తీసుకునేవాడికి మాత్రం ఆ రచయిత మళ్లీ రావాలి. అందుకే ఇలాంటి సేవలో పొగడ్త ఎక్కువైన కొద్దీ అనుమానం పెరగాలి.

వీటిలో బాగా పేరున్నది బ్లాక్ లిస్ట్. హాలీవుడ్‌లో పనిచేస్తున్న ఫ్రాంక్లిన్ లియోనార్డ్ 2005లో ఒక సర్వే చేశాడు. ఇంకా సినిమాగా రాని స్క్రిప్టుల్లో మీకు నచ్చినవేమిటని పరిశ్రమలోని వారిని అడిగి జాబితా తయారుచేశాడు. ఏటా వచ్చే ఆ జాబితాలో జూనో, ఆర్గో, ద కింగ్స్ స్పీచ్ లాంటి స్క్రిప్టులు కనిపించాయి. అందులో చోటు డబ్బుతో రాదు. 2012లో అదే పేరుతో మొదలైన వెబ్‌సైట్ సంగతి వేరు. అక్కడ ఇటీవలి ఏళ్లలో స్క్రిప్టు ఉంచడానికి నెలకు 30 డాలర్లు, ఒక మూల్యాంకనకు 100 డాలర్లు తీసుకుంటూ వచ్చారు. ఈ రెండింటినీ ఒకటే అనుకుని డబ్బు కట్టేవాళ్లున్నారు. ఒక్క నెల, ఒక్క మూల్యాంకన అంటేనే మన లెక్కలో పదివేల రూపాయలు దాటుతుంది. ఇంగ్లిష్‌లో, అమెరికా మార్కెట్‌ కోసం రాసేవారికి, అక్కడ పరిచయాలు లేనివారికి అది ఆలోచించదగిన ఖర్చే. అక్కడ పదికి మార్కులు వేసేది ఒక మనిషి, ఒక్కసారి చదివి. ఒకరు 5 వేసిన స్క్రిప్టుకు ఇంకొకరు 8 వేయవచ్చు. ఆ అంకె కోసం మళ్లీ మళ్లీ కట్టడం మొదలైతే మాత్రం రాయడం ఆగి జూదం మొదలైనట్టే.

తెలుగు సినిమాకు రాసేవారికి అక్కడ ఖర్చుపెట్టి లాభం లేదు. హైదరాబాద్‌లో కథ నోటి మీద నడుస్తుంది. ముందు నరేషన్, నచ్చితే కథా చర్చలు, ఆ తర్వాతే బౌండ్ స్క్రిప్టు. కాగితం మీద ఎన్ని మార్కులొచ్చినా, ఎదురుగా కూర్చున్న మనిషిని గంటన్నరసేపు కట్టిపడేయలేకపోతే ఇక్కడ కథ ముందుకు కదలదు. కాబట్టి మనవాళ్లు డబ్బు పెట్టదలిస్తే, కథ చెప్పించుకుని విని, ఎక్కడ ఆసక్తి తగ్గిందో ముఖం మీద చెప్పగల మనిషి మీద పెట్టాలి.

ఆ మనిషిని ఎలా గుర్తుపట్టాలి? పేరు చెప్పగలగాలి, పనిచేసిన సినిమాల టైటిల్స్‌లో ఆ పేరు ఉండాలి. ఇదివరకు రాసిన రిపోర్టు ఒకటి, సొంతదారు అనుమతితో, చూపించమనండి. మొత్తం స్క్రిప్టు ఇచ్చేముందు పది పేజీలిచ్చి చూడండి. ‘పాత్రల్లో లోతు పెరగాలి, సెకండాఫ్ బిగించాలి’ అని వస్తే అది ఏ స్క్రిప్టుకైనా అతికే మాట. అలాంటివి ఇప్పుడు కృత్రిమ మేధ క్షణాల్లో రాసిస్తుంది, దానికి మీరు వేలు కట్టనక్కర్లేదు. ‘ఏడో పేజీలో అక్క ఇల్లు వదిలి వెళ్లేటప్పటికి తండ్రి అప్పు సంగతి ఆమెకు తెలుసా, తెలియదా? నాకు అర్థం కాలేదు’ అని అడిగినవాడు మీ కథ చదివాడు. అతనికి ఫీజు ఇవ్వొచ్చు. అదీ రెండు మూడు సార్లు మీరే తిరగరాసి, స్నేహితుల చేత చదివించి, ఇక మీకు తప్పులు కనిపించని దశలో. మొదటి డ్రాఫ్టుకు ఎవరికీ పైసా ఇవ్వకండి.

నేర్చుకోవడానికైతే ఉచితంగా దొరికేది చాలా ఉంది. ఆస్కార్ సీజన్‌లో హాలీవుడ్ స్టూడియోలు పోటీలో ఉన్న స్క్రిప్టులను ఉచితంగానే నెట్‌లో పెడతాయి. తెలుగులో సినీ రచయిత పరుచూరి గోపాలకృష్ణ గారి ‘పరుచూరి పలుకులు’ యూట్యూబ్‌లో ఉంది. సినిమాలను తీసుకుని కథనం ఎక్కడ నిలబడిందో, ఎక్కడ జారిందో ఆయన విడమరచి చెబుతారు. కోర్సు చేయాలనుకుంటే పుణె ఎఫ్‌టీఐఐ లాంటి ప్రభుత్వ సంస్థల వైపు ముందు చూడండి. అలాంటిదే అయిన ఎన్‌ఎఫ్‌డీసీ నడిపిన స్క్రీన్‌రైటర్స్ ల్యాబ్‌లో మెరుగులు దిద్దుకున్న స్క్రిప్టుల్లో ‘ద లంచ్‌బాక్స్’ ఉంది.

పోటీల విషయంలో ప్రైజ్ డబ్బు చూడండి. ఆస్కార్ అకాడమీ నడిపే నికోల్ ఫెలోషిప్‌లో గెలిచినవారికి 35,000 డాలర్లు దక్కుతూ వచ్చాయి. ‘ఎరిన్ బ్రాకోవిచ్’ రాసిన సుసానా గ్రాంట్ అలా వచ్చిన రచయిత్రే. ప్రవేశ రుసుము తీసుకుని, బహుమతిగా సర్టిఫికెట్, ‘ప్రముఖులతో పరిచయం’ ఇచ్చే పోటీలతో మీ కెరీర్‌కు ఒరిగేదేమీ లేదు.

ఇక అవకాశం అమ్మేవాళ్లు. ‘నిర్మాతకు కథ వినిపిస్తాం, ముందుగా కొంత కట్టండి’ అనే మాట వినగానే లేచి వచ్చేయండి. కథ కావలసిన నిర్మాత రచయితకే అడ్వాన్స్ ఇస్తాడు. అమెరికాలో ఏజెంటు కూడా కథ అమ్ముడుపోయాక వచ్చిన డబ్బులో, మామూలుగా 10 శాతం కమిషన్ తీసుకుంటాడు. మీ కథ మీద నిజంగా నమ్మకమున్న మధ్యవర్తి ఆ రోజు దాకా ఆగగలడు. గది అద్దె పంచుకుని కృష్ణానగర్‌లో ఉండే కుర్రాడికి పదివేలంటే ఇంకొన్ని వారాలు నగరంలో ఉండి రాసుకునే సమయం. దాన్ని అతని చేతిలోంచి లాక్కోవడం చిన్న తప్పేమీ కాదు.

కథ కొట్టేస్తారన్న భయాన్ని కూడా కొందరు అమ్ముతున్నారు. ‘స్టోరీ ప్రొటెక్షన్’ పేరుతో వేలు అడిగితే ఇవ్వకండి. రాసిన క్షణంలోనే కాపీరైట్ మీది. రిజిస్ట్రేషన్ సాక్ష్యంగా పనికొస్తుంది, స్క్రిప్టుకు కేంద్ర కాపీరైట్ కార్యాలయం తీసుకునే రుసుము 500 రూపాయలు. ముంబైలోని స్క్రీన్‌రైటర్స్ అసోసియేషన్‌లో సభ్యులైతే ఆన్‌లైన్‌లోనూ రిజిస్టర్ చేసుకోవచ్చు. ఒట్టి ఆలోచనకు రక్షణ లేదని, దాన్ని వ్యక్తీకరించిన తీరుకే ఉందని సుప్రీంకోర్టు 1978లోనే ఆర్.జి. ఆనంద్ కేసులో చెప్పింది. అందుకే రెండు వాక్యాల లైన్ రిజిస్టర్ చేసి ఊరుకోకండి, పూర్తి స్క్రిప్టు రాయండి. హక్కులు రాసిచ్చేటప్పుడు ఒప్పందం రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలని చట్టమే చెబుతోంది. వర్క్‌షాపులో చేరేముందు కూడా నిబంధనలు చదవండి. అక్కడ పుట్టిన కథల హక్కులు నిర్వాహకులవే అనే వాక్యం కనిపిస్తే చేరకండి.

ఇప్పటికే కట్టి మోసపోయినవారు సిగ్గుపడి ఊరుకోవద్దు. యూపీఐ రసీదులు, వాట్సాప్ సందేశాలు, ప్రకటన స్క్రీన్‌షాట్లు చెరిపేయకుండా దాచుకోండి. ఆన్‌లైన్ మోసమైతే వెంటనే 1930కి ఫోన్ చేయండి, చెప్పిన సేవ ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.