చాళీ కొలిచే ముందు



నువ్వు పంపిన ఫొటోలు చూశాను బిడ్డా. మిల్వాకీలో పాబ్స్ట్ అనే బీరు ఖామందు కట్టుకున్న ఆ ఇల్లు బాగుంది. 1892లో పూర్తయిందనీ, తర్వాత అరవై ఏళ్లకు పైగా చర్చి పెద్దల నివాసంగా ఉందనీ, పక్క హోటలు కార్లు నిలిపే జాగా కోసం కూల్చేసే దాకా వస్తే 1978లో ఒక సంఘం కొని నిలబెట్టిందనీ రాశావు. మన బొంబాయి ఫాక్‌లాండ్ రోడ్డులో అలాంటి పని చేయలేమా అని అడిగావు. చేయొచ్చు. కాకపోతే ఆ ఇల్లు ఒక్క ఖామందుది. నువ్వు కొలతలు తీయబోయే చాళీ వరస గదుల ఇల్లు. దాని ఓనరు ఒకడు, పగిడీ సొమ్ము కట్టి ఖోలీలు, అంటే గదులు, పట్టుకున్నవాళ్లు నలభై మంది, వాళ్ల దగ్గర పోట్‌మాలా అటక అద్దెకు తీసుకున్నవాళ్లు ఇంకొందరు. అందరికీ పైన ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ మ్హాడా వారి మరమ్మతుల బోర్డు. ఎవరి కోసం బాగుచేస్తున్నావో ముందు తేల్చుకో. టేపు తర్వాత తీద్దువు గాని.

మొదట నేల సంగతి. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో వర్లీ దగ్గర హార్న్‌బీ కట్ట వేసి సముద్రాన్ని ఆపేదాకా ఇక్కడికి పోటు నీళ్లు వచ్చేవి. ఇప్పటికీ నాలుగు చినుకులు పడితే గల్లీల్లో నీళ్లు నిలవడం అందుకే. ఉత్తరాన ఉన్న బెలాసిస్ రోడ్డు 1793లో వేశారు, కరువుకు సూరత్ నుంచి వలస వచ్చిన పేదల చేత. ఆ కాలంలోనే నిజాం ఇలాకా నుంచి మన తెలుగువాళ్లు రావడం మొదలైంది. రాళ్లు కొట్టడానికి, మట్టి మోయడానికి, గోడలు లేపడానికి. మన భాషలో కామాటి అంటే కూలిపని చేసేవాడనే కదా. కులం పేరో, ఊరి పేరో కాదు, చేసే పని పేరే మన పేటకు కామాఠీపురా అని పేరై కూర్చుంది.

ఒకరోజు వీటీ స్టేషను ఎదురుగా ఉన్న మునిసిపల్ కార్పొరేషన్ భవనం ముందు కాసేపు నిలబడు. 1884 డిసెంబరు 9న లార్డ్ రిప్పన్ శంకుస్థాపన చేశాడు, 1893లో పూర్తయింది. నమూనా గీసినవాడు స్టీవెన్స్ అని మీ కాలేజీలో చెప్పే ఉంటారు. కట్టిన కాంట్రాక్టరు పేరు చెప్పారా? వెంకు బాళోజీ కాలేవార్. మన తెలుగువాడు. అంచనా 11,88,082 రూపాయలు, అయిన ఖర్చు 11,19,969. మిగిలింది చూడు! ఈ రోజుల్లో ఏ కాంట్రాక్టరు ఖాతాలోనైనా ఆ వింత చూపించు, నీకు కాలా ఖట్టా గోలా కొనిపెడతాను. ఈ కాలేవార్, జాయా కరాడీ లింగు, రామయ్య వెంకయ్య అయ్యవారు వంటి బొంబాయి తెలుగు పెద్దలు ఫూలే సత్యశోధక సమాజానికి అండగా నిలిచారు. రాళ్లు మోసిన పేట చదువు గురించి, కులం గురించి కూడా మాట్లాడింది. ఫాక్‌లాండ్ రోడ్డు అనగానే లోకానికి గుర్తొచ్చేది వేరు. 1981లో ఒక అమెరికన్ ఫొటోగ్రాఫరు ఈ వీధి పేరుతోనే పుస్తకం వేసింది. అందులో ఉన్నది పంజరాల్లాంటి గదుల్లో పడుపువృత్తి చేసే ఆడవాళ్లు. అదీ నిజమే, దాచమనను. వాళ్లూ ఈ పేట మనుషులే. నువ్వు గీసే పటంలో వాళ్ల గదులు వదిలేస్తే మాత్రం ఒప్పుకోను.

వీధి పేరు 1848 నుంచి 1853 దాకా గవర్నరుగా ఉన్న ఫాక్‌లాండ్ ప్రభువుది. ఇప్పుడు పట్ఠే బాపూరావు మార్గ్. ఆయన తమాషా కవి. ఒకప్పుడు పిలా హౌస్ నాటకశాలలున్న వీధికి గవర్నరు పేరు కంటే ఆ పేరే నప్పుతుంది. ప్లేహౌస్‌నే మనవాళ్లు పిలా హౌస్ చేశారులే.

ఇక పని. మన చాళీ ఎముకలు టేకు స్తంభాలు, టేకు దూలాలు. వాటి మధ్య ఇటుక, డంగు సున్నం. పైన మంగళూరు పెంకు. ఒక పెంకు తీసి అడుగున ముద్ర చదువు. 1865 అని కనిపిస్తే ఇల్లు అప్పటిదని రాసేయకు, అది బాసెల్ మిషన్ వాళ్లు కర్మాగారం పెట్టిన ఏడు. ఈ తప్పు చేసిన పెద్ద పెద్ద డిగ్రీలవాళ్లను చూశాను. స్తంభాన్ని చిన్న సుత్తితో కింది నుంచి పైకి తట్టుకుంటూ పో. మంచి కర్ర ఖణేల్‌మంటుంది, చెద తిన్నది డొల్లగా పలుకుతుంది. అనుమానముంటే స్క్రూడ్రైవరు మొన గుచ్చు. అంగుళం దిగితే ఆ ముక్క పోయినట్టే. ముఖ్యంగా మోరీ పక్క స్తంభం, గోడలో దాగిన దూలం కొన చూడు. ఇల్లు కూలేది అక్కడి నుంచే.

సిమెంటు సంగతి నా అనుభవం చెబుతాను. ఎనభైల్లో మా చాళీ వెనక గోడకు ఒక కాంట్రాక్టరు మందంగా సిమెంటు పూత వేశాడు. గోడ తళతళలాడింది, అందరం మెచ్చుకున్నాం, నేను కూడా. సున్నపు గోడ తడి పీల్చుకుని మళ్లీ బయటికి వదులుతుంది. సిమెంటు ఆ దారి మూసేసింది. తడి దూలం కొనల్లోకి పోయింది. మూడో వానాకాలానికి మా ఖోలీ నేల ఒక మూల రెండు అంగుళాలు దిగింది. మీ నాయనమ్మ పొయ్యి కింద చెక్కముక్క పెట్టి ఏడాది వండింది. ఇటుక పొడి కలిపిన సున్నం పూతే వేయించాల్సింది.

అన్నీ నిలబెట్టాలని నేను అననమ్మా. పది బై పన్నెండు గదిలో ఎనిమిది మందిమి పెరిగాం, పాయిఖానాకు వరుస కట్టాం. దాన్ని వారసత్వమని మురిసిపోయేవాడు అందులో ఉండి చూడాలి. 1947 చట్టం అద్దెలను 1940 సెప్టెంబరు 1 నాటి లెక్కకు కట్టేసింది. ఆ అద్దెతో ఏ ఓనరు పెంకు మారుస్తాడు? బోర్డు పుస్తకాల్లో ఆ తేదీకి ముందు కట్టినవన్నీ ‘ఏ’ తరగతి. ఇప్పుడు కామాఠీపురా మొత్తాన్ని ఒకే సమూహంగా తిరిగి కట్టే పథకం మ్హాడా చేతిలో ఉంది. జనానికి సొంత పాయిఖానా ఉన్న ఇల్లు రావాలి, అందులో నాకు రెండో మాట లేదు. కూలగొట్టే ముందు ప్రతి చాళీ కొలతలూ, ఎవరు ఏ ఊరి నుంచి వచ్చారో ఆ వివరాలూ కాగితం మీదికి రావాలి. వీధికి ఒక్క మంచి చాళీ అయినా బాగుచేసి ఉంచాలి. నీ నుంచి నాకు కావలసింది అదే.

జులైలో, వానల్లో రా. ఎండాకాలంలో పాత గోడ తన జబ్బు చెప్పదు. టార్చి, సుత్తి, గీతల నోటుబుక్కు తెచ్చుకో. ఖోలీలోకి అడుగుపెట్టే ముందు చెప్పులు విప్పు. రెండో అంతస్తు చివరి గదిలో ఉండే పెద్దమ్మకు తొంభై దాటాయి, కుడి చెవి వినబడదు. ఎడమ పక్కన కూర్చుని అడుగు.

మీ తాత